గుమాస్తా చీటీ: నొగ మీద బరువు



ఈ నెల పండుగ ఖర్చుల సంగతి వ్రాస్తానని పోయిన చీటీలో మాట ఇచ్చాను. ఆ మాట వచ్చే నెలకు వాయిదా వేస్తున్నందుకు మన్నించాలి. ఈలోగా ఒక రాత్రి పదకొండు గంటలకు అమెరికా నుంచి ఫోను వచ్చింది. అది వచ్చిన తరువాత నాకు వేరే ఏదీ వ్రాయబుద్ధి పుట్టలేదు.

ఫోను చేసినవాడు మా అక్క కొడుకు. టెక్సాసు రాష్ట్రంలో ఉద్యోగం. భార్య, అయిదేళ్ల పిల్ల. వాడికి ఈ మధ్య ఒక సరదా పుట్టింది. చక్రాల మీద ఇల్లు! మంచాలు, పొయ్యి, నీళ్ల తొట్టి, స్నానాల గది, అన్నీ అమర్చిన ట్రైలరు ఒకటి పాతది కొన్నాడు. దానిని తన పికప్పు బండికి తగిలించుకుని, సెలవులకు కొండలూ అడవులూ చూసి రావాలని వాడి ఉద్దేశం. బండి మరీ పెద్దదీ కాదు, చిన్నదీ కాదు. అక్కడివాళ్లు మధ్యరకం అంటారు. ముందు అయిదుగురు కూర్చోవచ్చు, వెనుక తొట్టిలో సామాను వేసుకోవచ్చు.

"అమ్మకు చెప్పకు మావయ్యా" అన్నది వాడి మొదటి మాట.

పెద్ద రోడ్డు మీద గంటకు 70 మైళ్ల వేగంతో పోతున్నారట. పక్కనుంచి ఒక భారీ లారీ దాటిపోయింది. ఆ గాలికి ట్రైలరు తోక ఊపింది. ఎడమకు ఒకసారి, కుడికి ఒకసారి. ఊపు తగ్గడానికి బదులు పెరిగింది. "నేను ట్రైలరును లాగడం లేదు మావయ్యా, అదే నన్ను ఈడుస్తున్నది" అన్నాడు. చివరకు బండి రోడ్డు దిగి గడ్డిలోకి పోయి ఆగింది. ఎవరికీ దెబ్బ తగలలేదు. ఫోనులో వెనకనుంచి పిల్ల ఏడుపు వినిపిస్తూనే ఉంది.

నేను ఇంజనీరును కాను. మెట్రిక్కు దగ్గర ఆగి, రైసుమిల్లు కాటా దగ్గర కూర్చుని బరువు చీటీలు వ్రాసుకునే గుమాస్తాను. అయినా వాడు నాకెందుకు చేశాడంటే, ట్రాలీ అనే వస్తువు మా ఇంట్లో చేసిన పని వాడికీ తెలుసు, నాకూ తెలుసు. ఆ సంగతి తరువాత వస్తుంది.

"బరువు సామానంతా ఎక్కడ పెట్టావు?" అని అడిగాను.

"వెనుక" అన్నాడు.

వాడు తెలివితక్కువవాడు కాడు. ట్రైలరు తగిలించగానే పికప్పు వెనుకభాగం కుంగిందట. బండికి శ్రమ తగ్గించాలని జనరేటరు, నీళ్ల డబ్బాలు, రెండు సైకిళ్లు, అన్నీ ట్రైలరు తోకకు చేర్చాడు. బండి మళ్లీ మట్టంగా నిలబడింది. చూడడానికి ముచ్చటగానే ఉండి ఉంటుంది. ప్రమాదమంతా ఆ ముచ్చటలోనే ఉంది.

మన పెద్దలు 1953లో తుంగభద్ర నీళ్లు వదలిన తరువాత కోస్తా జిల్లాల నుంచి వచ్చి ఈ క్యాంపులలో నిలిచినవారు. ఎడ్లబండి ఎరుగని ఇల్లు లేదు. బస్తాలు వేయడం అయిన తరువాత మా తాత నొగ దగ్గర నిలబడి, దానిని చేత్తో ఎత్తి చూసేవాడు. నొగ తనంత తానే పైకి లేస్తున్నదంటే బరువు వెనక్కి పోయిందన్నమాట. అట్లాంటి బండి కడితే కాడి పైకి తన్ని, ఎద్దుల మెడకింద పట్టెడ గొంతు నొక్కుతుంది. నొగ బొత్తిగా లేవకపోతే బరువంతా మెడ మీదనే; సాయంకాలానికి మెడ పుండు పడుతుంది. రెండింటికీ నడుమ, కొంచెం ముందుకు మొగ్గి ఉండాలి. మా తాతకు అక్షరం రాదు గాని, ఈ లెక్క ఏనాడూ తప్పలేదు.

అమెరికాలో చెప్పే లెక్కా ఇదే. ట్రైలరు మొత్తం బరువులో నూటికి 10 నుంచి 15 వంతులు నొగ మీద, అనగా బండి వెనుక ఉన్న గుండు మీద పడాలి. అంతకు తక్కువైతే తోక ఊపుతుంది. మరీ ఎక్కువైతే పికప్పు వెనుక కుంగి, ముందు చక్రాలు తేలిక పడతాయి. ముందు చక్రాలు తేలికైతే స్టీరింగు మాట వినదు, బ్రేకు సరిగా పట్టదు.

"ఇప్పుడు సామాను ముట్టుకోవద్దు. పక్క దారిన మెల్లగా కాటాకు తీసుకుపో" అన్నాను. అక్కడ లారీలు ఆగే పెద్ద పెట్రోలు బంకులలో కాటాలుంటాయి. వాటిలో మన మిల్లు కాటాలాగా ఒకే పలక ఉండదు. ముందు ఇరుసుకు ఒకటి, వెనుక ఇరుసుకు ఒకటి, ట్రైలరు ఇరుసులకు ఒకటి, విడివిడిగా తూచి చీటీ ఇస్తారు. ముందు ట్రైలరుతో సహా, తరువాత దానిని విప్పి పక్కన నిలిపి పికప్పును ఒక్కదానినే తూయించమన్నాను. రెండుసార్లూ మనుషులందరూ బండిలోనే ఉండాలి.

గంటన్నరకు చీటీల ఫోటోలు వచ్చాయి. నాకు అలవాటైన చదువు అదే గదా! పికప్పు ఒక్కటే: ముందు ఇరుసు 2,600 పౌన్లు, వెనుక 2,200, మొత్తం 4,800. ట్రైలరు తగిలించినప్పుడు: ముందు 2,480, వెనుక 2,620, మొత్తం 5,100. ట్రైలరు ఇరుసుల మీద 4,700.

ఇక కూడికలూ తీసివేతలే. 5,100లో 4,800 పోతే 300. అది నొగ బరువు. దానిని 4,700కు కలిపితే ట్రైలరు మొత్తం 5,000 పౌన్లు, సుమారు 2,270 కిలోలు. 5,000కు 300 అంటే నూటికి 6. ఉండవలసింది కనీసం 500. ముందు ఇరుసు మీద 120 పౌన్లు తగ్గడం కూడా చూడండి. వెనుక పడ్డ బరువు తక్కెడలాగా ముందును ఎత్తింది.

"మరి మా బండి 7,500 పౌన్లు లాగుతుందని వ్రాశారే!" అన్నాడు.

వ్రాసినదానిని పూర్తిగా చదవాలి. ఫోర్డు రేంజరు అనే మధ్యరకం పికప్పును 2019 మోడలుగా అమెరికాలో మళ్లీ అమ్మకానికి తెచ్చినప్పుడు, ట్రైలరు లాగే సరంజామాతో కొంటే 7,500 పౌన్లు, అది లేకుంటే 3,500 పౌన్లు అన్నారు. ఇంజను ఒకటే, లెక్క మాత్రం సగానికి తక్కువ. పైగా లాగే శక్తి వేరు, మోసే శక్తి వేరు. మోసే శక్తి ఎంతో డ్రైవరు తలుపు తెరిస్తే గడప మీద అంటించిన చీటీలో ఉంటుంది. మావాడి బండికి అది 1,500 పౌన్లు. మనుషులు, తొట్టిలో సామాను, నొగ బరువు, మూడూ అందులోనే ఇమడాలి. లాగడంలో ఇంకా మిగులు ఉండగానే మోయడంలో కోటా అయిపోయేది అందుకే.

ఆ తరువాత రెండు వారాలు వాడూ నేనూ రోజూ రాత్రిపూట ఇదే పని. బండిని మెకానికు షాపులో అమర్పించుకున్నాడు. నేను కాగితం మీద పట్టీ వ్రాసుకున్నాను. మన పిల్లలు ఆ దేశాలలో చాలామంది ఉన్నారు గనుక ఆ పట్టీ ఇక్కడ ఇస్తున్నాను.

ఒకటి: గుండు, దాని మీద కూర్చునే గిన్నె ఒకే కొలతవి కావాలి. గుండ్లు ఒకటిం ముప్పాతిక అంగుళంన్నర వీసం అని అందాజుగా కొనేవి కావు; గుండు మీద కొలత చెక్కి ఉంటుంది, గిన్నె మీదా ఉంటుంది. 2 అంగుళాల గుండు 2 అంగుళాల 5/16 గిన్నెలో కూర్చున్నట్టే కనిపిస్తుంది. గతుకు రాగానే ఎగిరి బయట పడుతుంది. తగిలించి తాళం వేసిన తరువాత ట్రైలరు జాకీతో నొగను పైకెత్తి చూడాలి. బండి వెనుకభాగం దానితోపాటు లేస్తే పట్టు పడినట్టు.

రెండు: గొలుసులు. రెండు గొలుసులను నొగ కింద అడ్డంగా, ఒకదాని మీదుగా ఒకటి వేయాలి. గుండు జారితే నొగ నేలకు తగలకుండా ఆ గొలుసుల ఊయలలో పడుతుంది. మలుపు తిరగడానికి సరిపడా వదులుండాలి, రోడ్డుకు రాసుకునేంత ఉండరాదు.

మూడు: బ్రేకులు. ఇంత బరువు ట్రైలరుకు సొంత బ్రేకులుండాలి. వాటిని నడిపే పెట్టె డ్రైవరు చేతికందేచోట ఉండాలి. దీనికి నాలుగు తీగల సాకెట్టు చాలదు, అది దీపాలకే. ఏడు తీగల సాకెట్టు కావాలి. ఖాళీ స్థలంలో మెల్లగా నడిపి, బ్రేకు బిగి ఎంత ఉండాలో సరిచూసుకోవాలి. ఇది కాక ఒక సన్నని తీగ ఉంటుంది. ట్రైలరు ఊడిపోతే ఆ తీగ పిన్నును లాగుతుంది, ట్రైలరు తన బ్యాటరీతో తానే బ్రేకు వేసుకుంటుంది. ఆ తీగను గొలుసుకు కట్టకూడదు, బండికే విడిగా కట్టాలి.

నాలుగు: బరువు పంచే కొక్కెం. నొగకు రెండు పక్కలా ఉక్కు కమ్ములుంటాయి. అవి గడకర్రతో మీటినట్టు వెనుక పడ్డ బరువులో కొంత ముందు చక్రాలకు తిరిగి ఇస్తాయి. బండి కుంగిందని సామాను తోకకు తోయడం తప్పు. ఇది సరైన మందు. కాని ఇది మోసే శక్తిని పెంచదని గుర్తుంచుకోవాలి.

అయిదు: టైర్లు. ట్రైలరు టైర్లలో చాలావాటిని గంటకు 65 మైళ్లకు మించకుండా తయారుచేస్తారు. కాలిఫోర్నియాలో ట్రైలరు లాగే బండికి చట్టమే 55 మైళ్లు. పాత ట్రైలరు టైరుకు అరుగుదల కనిపించకపోయినా వయసు ఉంటుంది. తయారైన తేదీ చూడాలి.

ఆరు: అయినా తోక ఊపితే పికప్పు బ్రేకు తొక్కరాదు. స్టీరింగును అటూ ఇటూ తిప్పి సరిదిద్దబోరాదు. యాక్సిలరేటరు వదలి, స్టీరింగు నిటారుగా పట్టుకుని, ట్రైలరు బ్రేకును మాత్రం చేత్తో వేయాలి. వెనుకనుంచి లాగితేనే అది వరుసలోకి వస్తుంది.

జనరేటరూ నీళ్ల డబ్బాలూ ఇరుసుకు ముందు పెట్టాడు. సైకిళ్లు తోకనుంచి తీసేశాడు. మళ్లీ తూయిస్తే నొగ బరువు 600 వచ్చింది. నూటికి 12. ముగ్గురు మనుషులూ, నొగ బరువూ, కొక్కెం సామానూ కలిపినా తలుపు చీటీ లెక్కలో మిగులు ఉంది. మొన్న కొండలకు వెళ్లి వచ్చారు. లారీలు దాటినా ట్రైలరు కదలలేదని వాడే చెప్పాడు.

ఇక మా ఇంటి సంగతి. 2001లో కోతల కాలం. నాకు ఇరవై దాటి ఒక ఏడు. ట్రాక్టరు నేను నడుపుతున్నాను, ట్రాలీలో వడ్ల బస్తాల మీద మా బావ కూర్చున్నాడు. ట్రాలీ చీల అరిగిపోయింది, సింధనూరు వెళ్లి కొత్తది తెమ్మని ఆయన రెండు రోజులుగా చెబుతున్నాడు. నేను బద్ధకించి షెడ్డులో దొరికిన బోల్టు ఒకటి వేశాను. కింద పిన్ను పెట్టలేదు. గొలుసు సంగతి మాకు తెలియనే తెలియదు. కాలువ గట్టు ఎక్కేటప్పుడు బోల్టు పైకి జారి, ట్రాలీ విడిపోయి వెనక్కి దొర్లింది. బావ ఎడమకాలు మోకాలి దగ్గర తీసివేయవలసి వచ్చింది. అప్పుడు వాళ్ల కొడుక్కు ఎనిమిదేళ్లు. అక్క గాని, బావ గాని ఈ ఇరవై అయిదేళ్లలో నన్ను ఒక్క మాట అనలేదు. కొత్త చీల, దాని పిన్ను, రెండు కలిసి ఒక పూట కూలి విలువ కూడా చేయవు.

మన క్యాంపులలో ఇప్పటికీ వడ్లూ చెరుకూ ట్రాలీలలోనే పోతున్నాయి. చాలావాటికి బ్రేకులు లేవు. కనీసం సరైన చీల, దానికి పిన్ను, ఒక గొలుసు, వెనుక మెరిసే ఎర్ర పట్టీలు వేయించండి. ట్రాలీని విడిగా రిజిస్టరు చేయించి, బీమాలో దాని పేరు చేర్చారో లేదో కాగితం తీసి చూడండి. బస్తాల మీద మనుషులను ఎక్కించకండి.

ఇది వ్రాసేముందు అక్క దగ్గరకు వెళ్లి అన్నీ చెప్పాను. అమెరికా సంగతి అప్పటికే కొడుకే చెప్పాడట. మళ్లీ ప్రయాణం కట్టినప్పుడు వాడు ఫోను చేస్తే, ఆవిడ పిల్ల గురించీ అడగలేదు, కొండల గురించీ అడగలేదు.

"గొలుసులు వేశావుట్రా?" అని మాత్రం అడిగిందట.

వేశానన్నాడు. ఫోనులో చూపించమంది. చూపించాడు.

పండుగ ఖర్చుల లెక్క వచ్చే నెల తప్పక వ్రాస్తాను. సెలవు.