వయసు ఉత్త అంకె కాదు

షష్టిపూర్తి పందిట్లో, అపార్ట్‌మెంటు లిఫ్టులో, పెళ్ళి భోజనాల దగ్గర, ఈమధ్య ఎక్కడ చూసినా ఒకటే మాట: వయసుదేముంది, అదొక అంకె. మనసు కుర్రగా ఉంటే ఒళ్ళూ కుర్రగానే ఉంటుందట. అరవై నిండినవాళ్ళని మెచ్చుకోవాలన్నా మన దగ్గర మిగిలింది ఆ మాటే. "మీకు అరవై అంటే ఎవరూ నమ్మరండీ" అంటాం. అనేవాళ్ళు ప్రేమతోనే అంటారు, వినేవాళ్ళు మురిసిపోతారు. నేను మాత్రం ఈ మాటని ఒప్పుకోను. పైకి ఓదార్పులా వినపడుతుంది కానీ లోపలున్నది నింద. ఒంటికి వయసు రావడం ఆ మనిషి నిర్లక్ష్యమేనని, పట్టుదల ఉంటే ఆపుకోవచ్చని ఇది మనచేత నమ్మిస్తోంది. నమ్మినవాళ్ళు అద్దం ముందు నిలబడి, ఏదో తప్పు చేసినవాళ్ళలా తలదించుకుంటున్నారు.

ఈ నమ్మకం మీద ఎంత వ్యాపారం నడుస్తోందో తెలియాలంటే అమీర్‌పేట మైత్రీవనం దగ్గర మొదలుపెట్టి పంజాగుట్ట దాకా నడవండి. ఒకప్పుడు ఈ దారిలో తలెత్తితే కంప్యూటర్ కోర్సుల బోర్డులే. ఇప్పుడు వాటి మధ్య మధ్య జుట్టు నాటేవాళ్ళు, చర్మం బిగించేవాళ్ళు, బరువు తగ్గించేవాళ్ళు. బొమ్మ ఎక్కడైనా ఒక్కటే. ఎడమ పక్క బట్టతలతో దిగులుగా ఉన్న మనిషి, కుడి పక్క ఒత్తు జుట్టుతో నవ్వుతున్న మనిషి. బట్టతలకు కారణం జన్యువులు, హార్మోన్లు. ఆ బొమ్మ చూస్తే మాత్రం అది అతని బతుకులో జరిగిన పొరపాటు అనిపిస్తుంది. ఉన్న ఉద్యోగం పోయి, కొత్త కోర్సు నేర్చుకుందామని ఇక్కడికి వచ్చే నలభై అయిదేళ్ళవాళ్ళు ఉంటారు. హాస్టల్ గదిలో పాతికేళ్ళ పిల్లల పక్కన మంచం తీసుకుంటారు. ఇంటర్వ్యూకి ముందు రాత్రి తలకి రంగు వేసుకుంటారు. రంగులోని పీపీడీ అనే రసాయనం పడక ముఖం వాచినా మళ్ళీ వేసుకునేవాళ్ళున్నారు. వాళ్ళని నేను తప్పుపట్టను. నెరిసిన తల కనపడితే ఉద్యోగం రాదన్న భయం వాళ్ళు కల్పించుకున్నది కాదు. తప్పంతా ఆ తలని చూసి ఫైలు పక్కన పెట్టేవాళ్ళది. అటువైపు వేలెత్తి చూపకుండా ఇతనికి "వయసు అంకె మాత్రమే" అని ధైర్యం చెబితే ఏం లాభం?

ఇవే సందుల్లో, మ్యాచింగ్ సెంటర్లని ఆనుకుని జాకెట్లు కుట్టే దుకాణాలున్నాయి. యాభై దాటిన ఆడవాళ్ళు అక్కడికి కొలత జాకెట్టు పట్టుకొస్తారు. అది ఏ పదేళ్ళ కిందటిదో. చంక కింద కుట్టు ఒకసారి విప్పి మళ్ళీ వేసిన గుర్తు ఉంటుంది. టైలరు టేపు అందుకోబోతే, "వద్దు మాస్టర్, దీని కొలతకే కుట్టండి, రెండు నెలల్లో తగ్గుతాను" అంటారు. ఆయన వాదించడు. "అట్లనే అమ్మా" అని చీటీ రాసి ఇస్తాడు. ఆమె వెళ్ళాక రెండు పక్కలా లోపల అంగుళం గుడ్డ వదిలి, పక్కపక్కనే మూడు వరసలు కుట్టు వేస్తాడు. బిగుతైతే ఒక వరస విప్పుకోవచ్చు, ఇంకా బిగుతైతే రెండోది. మనుషుల ఒళ్ళు మారుతుందన్నది ఆయన పనిలో భాగం. అందులో ఆయనకి ఎవరి తప్పూ కనపడదు. టేపు మీద అంకె పైకి చదివితే తన పరువు పోతుందనుకునేది ఆమె ఒక్కతే. నిజానికి ఆమె ఒంట్లో జరిగింది ఏమిటి? నెలసరి ఆగే వయసులో ఈస్ట్రోజెన్ తగ్గుతుంది. అంతకుముందు తొడల దగ్గర చేరే కొవ్వు నడుం చుట్టూ చేరడం మొదలవుతుంది. తిండిలో ఒక్క ముద్ద పెరగకపోయినా నడుం కొలత పెరగొచ్చు. ఈ సంగతి ఆమెకి ఎవరూ చెప్పలేదు. "బాగా ఒళ్ళు చేశావే" అని మాత్రం ప్రతి పేరంటంలోనూ చెబుతారు.

వయసు అంకె అయితే ఒంట్లో దాని జాడ ఉండకూడదు. నలభై దాటాక కంటి కటకం గట్టిపడి దగ్గరి అక్షరాలు ఆనవు. ముప్ఫై దాటిన దగ్గర్నుంచి పదేళ్ళకి 3 నుంచి 8 శాతం చొప్పున కండ కరుగుతూ వస్తుంది. నలభై తర్వాత పదేళ్ళకి దాదాపు ఒక సెంటీమీటరు ఎత్తు తగ్గుతాం. నెలసరి ఆగిన తొలి అయిదు నుంచి ఏడేళ్ళలో ఎముక సాంద్రతలో 20 శాతం దాకా పోయే ఆడవాళ్ళున్నారు. మోకాలి గుజ్జుకి రక్తనాళాలు ఉండవు, అందుకే అరిగింది అంత తేలికగా పూడదు. వీటిలో కొన్నిటిని నెమ్మదింపజేయొచ్చు, పూర్తిగా ఆపగలిగింది ఒక్కటీ లేదు. చత్వారం వచ్చినందుకు ఎవరూ సిగ్గుపడరు, కళ్ళజోడు కొనుక్కుని పని చూసుకుంటారు. అదే మర్యాద మోకాలికి, నడుముకి, పొట్టకి ఎందుకు దక్కదు? కళ్ళజోడు పెట్టుకున్నవాణ్ణి చూసి "నువ్వు చిన్నప్పటి నుంచి యోగా చేసుంటే ఈ గతి పట్టేది కాదు" అనేవాడు లేడు. మోకాలు పట్టుకుని మెట్లెక్కే మనిషిని చూస్తే అందరికీ సలహాలే.

ఈ మాటని నేను ఇంత గట్టిగా కాదనడానికి అసలు కారణం పంజాగుట్టలోనే ఉంది. అక్కడి నిమ్స్ ఒకప్పుడు నిజాం ఆర్థోపెడిక్ ఆసుపత్రి, ఎముకల వైద్యం కోసమే పెట్టిన సంస్థ. 1980లలో ఇప్పటి నిమ్స్ అయింది. పొద్దున పూట ఓపీ దగ్గరికి వెళితే, ఎక్స్‌రే కవర్లు చంకలో పెట్టుకుని జిల్లాల నుంచి వచ్చినవాళ్ళు కనపడతారు. వాళ్ళలో ముప్ఫై ఏళ్ళు వంగి నాట్లు వేసిన ఆడవాళ్ళు ఉంటారు. "వయసెంతమ్మా" అని అడిగితే చెప్పరు, ఆధార్ కార్డు తీసి చేతిలో పెడతారు. కార్డులో నలభై ఎనిమిది ఉంటుంది. నడుము చూస్తే అరవై అయిదు. నీళ్ళ బిందెలు, మోపులు, బురదలో రోజంతా వంపు, కాన్పయిన నెలకే మళ్ళీ పొలం, ఇవన్నీ ఆ తేడాలో ఉన్నాయి. అదే పంజాగుట్ట రోడ్డు మీద ఏసీ కారులో వెళ్ళే నలభై ఎనిమిదేళ్ళావిడకి వయసు అంకెలాగే అనిపించొచ్చు. ఒళ్ళు అరగని బతుకు దొరికినవాళ్ళు తమ అదృష్టాన్ని తమ గుణమనుకుని, అరిగినవాళ్ళకి నీతి చెప్పడం నాకు సహించదు.

గర్భసంచి సంగతి ఇంకా ఘోరం. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తమ్మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. దేశంలో మొదటి రెండు స్థానాలూ మనవే. "పిల్లలు పుట్టారుగా, ఇంక దాంతో పనేముంది, తీసేస్తే పీడా పోతుంది" అన్న మాట పల్లెల్లో డాక్టర్ల నోటా విన్నాం, అత్తల నోటా విన్నాం. అండాశయాలు కూడా తీసేస్తే నెలసరి ఆగడం ఏళ్ళ మీద కాక ఒక్క రోజులో జరుగుతుంది. ఎముకలు, గుండె, నిద్ర అన్నిటి మీదా దెబ్బ పడుతుంది. హైదరాబాద్ వైద్యులు ఎస్.వి. కామేశ్వరి, వింజమూరి ప్రకాశ్ అనవసరపు ఆపరేషన్ల మీద మెదక్ పల్లెల్లో తిరిగి వివరాలు సేకరించి, ఏళ్ళ తరబడి గొంతెత్తారు. 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు వీటిని అడ్డుకునే మార్గదర్శకాలు అమలు చేయమని రాష్ట్రాలను ఆదేశించింది. ఇలా ముప్ఫై అయిదేళ్ళకే ముట్లుడిగిపోయిన మనిషి దగ్గరికి వెళ్ళి మనసు కుర్రగా ఉంచుకోమంటే ఆమె ఏమని జవాబివ్వాలి?

అవతలి పక్షానికి ఆధారం లేదని నేననను. ఉంది, గట్టిదే. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన బెక్కా లెవీ 2002లో ఒక పరిశోధన ప్రచురించింది. ఒహాయో రాష్ట్రంలోని ఒక ఊళ్ళో యాభై దాటిన 660 మందిని ఇరవై ఏళ్ళకు పైగా గమనించిన వివరాలవి. తమ వృద్ధాప్యం గురించి మంచి అభిప్రాయం ఉన్నవాళ్ళు, లేనివాళ్ళకంటే సగటున ఏడున్నరేళ్ళు ఎక్కువ బతికారు. "చూశారా, అంతా మనసులోనే ఉంది" అని దీన్ని చూపిస్తారు. కానీ వాళ్ళని అడిగింది ఏమిటో చూడాలి. మీరు కుర్రవాళ్ళలా ఉన్నారా అని కాదు. వయసు పెరిగేకొద్దీ పనికిరాకుండా పోతున్నామనిపిస్తోందా, చిన్నప్పటంత సంతోషంగా ఉన్నారా, ముసలితనం అనుకున్నదానికంటే మెరుగ్గా ఉందా, ఇలాంటివి. తమకి వయసొచ్చిందని తెలిసి, ఆ వయసులో తమకి విలువుందని నమ్మినవాళ్ళ లెక్క అది. వయసు లేదని దబాయించినవాళ్ళది కాదు. మన మాట దీనికి సరిగ్గా ఎదురు దిక్కున ఉంది. అరవైని దాచాల్సిన వస్తువుగా చూపించేవాళ్ళే అరవైలో విలువ లేదని నేర్పిస్తున్నారు.

వ్యాయామం మీద కూడా నాకు పేచీ లేదు. 1990లో బోస్టన్‌లో మరియా ఫియటరోనె బృందం, వృద్ధాశ్రమంలో ఉన్న 86 నుంచి 96 ఏళ్ళ వాళ్ళ చేత ఎనిమిది వారాలు కాళ్ళతో బరువులెత్తించింది. చివరిదాకా చేసినవాళ్ళ కాలి బలం సగటున 174 శాతం పెరిగింది. కొందరు ఊతకర్ర వదిలేశారు. తొంభై ఏళ్ళ కండ కూడా పనికి పలుకుతుంది. అయితే ఆ బరువుని ఎంచింది ఆ తొంభై ఏళ్ళ కాలు ఎంత మోయగలదో కొలిచాకే. కొలవడానికి ఒప్పుకున్నాకే లాభం మొదలైంది. మన పార్కుల్లో జరిగేది వేరు. ముప్ఫై ఏళ్ళ కొడుకుతో పోటీపడి పరుగెత్తి, కీలు నొప్పి చేసుకుని, ఆ నొప్పిని కూడా ఇంట్లో చెప్పకుండా తిరుగుతున్న పెద్దవాళ్ళని నేను చూస్తూనే ఉన్నాను.

మన సినిమా ఈ అబద్ధానికి చాలా చేసింది. 2023 సంక్రాంతికి ఒక రోజు తేడాతో వచ్చిన 'వీరసింహారెడ్డి', 'వాల్తేరు వీరయ్య' గుర్తు చేసుకోండి. ఒకదాంట్లో హీరోకి 62 ఏళ్ళు, రెండోదాంట్లో 67. రెండింట్లోనూ హీరోయిన్ ఒక్కరే, శ్రుతి హాసన్, అప్పటికి 37 కూడా నిండలేదు. ఆ హీరోల ఈడు నటీమణులకి తల్లి, బామ్మ వేషాలు. మగవాడి వయసు తెర మీద చెరిపేయొచ్చు, ఆడదాని వయసు చెరపడం కుదరదు, కనక ఆమెనే పక్కకి జరిపేస్తారు. అరవై ఏళ్ళ ఒళ్ళు అరవై ఏళ్ళదిగానే కనపడుతూ ప్రేమించడం, అలగడం, వండుకు తినడం చూపించిన 'మిథునం' 2012లోనే వచ్చింది. అలాంటివి వేళ్ళ మీద లెక్కపెట్టేంత కూడా తర్వాత రాలేదు.

వయసుని అంకె అనేవాళ్ళే ఇంకోచోట "ఈ వయసులో ఇంకేం కావాలి" అంటారు. కుర్రగా ఉన్నంతసేపే మనిషి లెక్కలో ఉంటాడన్నది రెండు మాటలకీ మూలం. నొప్పి అని డాక్టరు దగ్గరికి వెళ్ళిన డెబ్భై ఏళ్ళావిడకి "వయసు కదమ్మా, అంతే" అని బిళ్ళలు రాసి పంపడం ఏ ఊళ్ళోనైనా చూడొచ్చు. వయసు వల్ల వచ్చింది కాబట్టే దానికి ఏర్పాట్లు కావాలి. అవి ఒకరి మనోబలంతో రావు. 2017 ఆగస్టులో కేంద్రం కృత్రిమ మోకాలి చిప్పల ధరలకి కళ్ళెం వేసింది, ఎక్కువగా వాడే కోబాల్ట్ క్రోమియం రకాన్ని 54,720 రూపాయలకి కట్టడి చేసింది. ఎన్ని వేల మోకాళ్ళకి అది పనికొచ్చిందో ఆలోచించండి. అమీర్‌పేట మెట్రోలో రెండు లైన్లు కలుస్తాయి, లిఫ్టులూ ఎస్కలేటర్లూ ఉన్నాయి, పెద్దవాళ్ళు హాయిగా ఎక్కి దిగగలరు. కష్టమంతా కిందికి వచ్చాకే. ఫుట్‌పాత్ మీద బండ్లు, బైకులు, లేచిపోయిన పలకలు. కూర్చోవడానికి ఒక అరుగు ఉండదు. తొందరలేని కాళ్ళకి రోడ్డు దాటేంత వ్యవధి ఎవరూ ఇవ్వరు.

ఇంకొక సంగతి ఎక్కడా రాయరు, అందుకే ఇక్కడ రాస్తున్నాను. అమీర్‌పేటకి చీరలు కొనడానికి వచ్చే యాభై అరవై ఏళ్ళ ఆడవాళ్ళలో పొద్దున్నుంచి మంచినీళ్ళు తాగకుండా బయల్దేరేవాళ్ళు ఉన్నారు. దగ్గినా, నవ్వినా, నాలుగు మెట్లెక్కినా మూత్రం ఆగదు. కాన్పులయ్యాక, నెలసరి ఆగాక కటి కండరాలు వదులవడం చాలా మామూలు. వాళ్ళు పెళ్ళిళ్ళు మానుకుంటారు, తిరుపతి కొండ మానుకుంటారు, మనవణ్ణి ఎత్తుకోవడం మానుకుంటారు. కారణం మాత్రం కూతురికి కూడా చెప్పరు, కుర్రగా ఉన్నావని మెచ్చుకునే లోకంలో ఈ మాట నోట ఎలా వస్తుంది? దీనికి వ్యాయామం ఉంది. అమెరికన్ గైనకాలజిస్టు ఆర్నాల్డ్ కెగెల్ 1948లోనే ప్రచురించాడు. మూత్రం ఆపుకునేటప్పుడు ఏ కండరాలని బిగిస్తామో వాటినే బిగించి వదలడం, రోజూ కొన్నిసార్లు, కనీసం మూడు నెలలు. ఖర్చు లేదు, కూర్చున్న చోటే చేసుకోవచ్చు, చాలామందికి తగ్గుతుంది. తగ్గనివాళ్ళకి వేరే వైద్యాలున్నాయి. ఫిజియోథెరపిస్టు ఒక్క పూటలో నేర్పగలిగిన ఈ పనికి నోరు తెరవలేక మన తల్లులు ఏళ్ళకేళ్ళు గొంతెండబెట్టుకుని తిరుగుతున్నారు.