ఎవరి అక్షరం, ఎవరి బీరువాలో?

నేను మాదిగోణ్ణి. లందలో తోళ్ళు ఊనిన తాతల మనవణ్ణి. అందుకే తోలు మీద రాసిన ఇథియోపియా పుస్తకాల గురించి మాట్లాడతా.

1868లో మఖ్దలా కోట మీద పడ్డ బ్రిటిష్ దండు, తెవోద్రోస్ చక్రవర్తి చర్చి కోసం కూడబెట్టిన గ్రంథాల్ని దోచింది. దోచిన సొత్తు మొయ్యడానికి 15 ఏనుగులు, దాదాపు 200 కంచరగాడిదలు కావాల్సొచ్చాయి. ఆ దండు బయల్దేరింది మన బొంబాయి నుంచే.

సుమారు 350 రాతప్రతులు ఇంకా లండన్‌లో, బ్రిటిష్ లైబ్రరీలోనే ఉన్నాయి. భద్రంగా ఉన్నాయిగా, ఫొటోలు నెట్‌లో చూసుకోండి అనే పెద్దమనుషులారా! మా తాతల్ని బడి గుమ్మం బయట నిలబెట్టినోళ్ళు కూడా చదువుని కాపాడుతున్నామనే అన్నారు.

చట్టం ఒప్పుకోదంటారా? దోచేటప్పుడు ఏ చట్టాన్నడిగారు? 1872లో 'కెబ్ర నగస్త్' ప్రతిని వెనక్కిచ్చారుగా. మిగతావీ ఇచ్చెయ్యండి. అరువుగా కాదు, వాళ్ళ హక్కుగా.

జై భీమ్.