తనిఖీకి రెండో కన్ను

రాజుపాలెం రోగి రేడియేషన్ కోసం తిరుపతికో కర్నూలుకో పోతే, యంత్రం ఇచ్చే మోతాదును ఆ పొద్దున్నే కొలిచి ఉండాలి. ఉండాల్సిన మోతాదుకూ కొలిచినదానికీ తేడా 3 శాతం దాటకూడదన్నది వాడుకలో ఉన్న హద్దు. ఈ కొలతలనూ, ఒక్కో రోగికి వేసే చికిత్స ప్లాన్ లెక్కలనూ సరిచూసే పని సాఫ్ట్‌వేర్‌కు అప్పగించాలని మా వాదన. పనామాలో 2000-01లో రేడియేషన్‌ను అడ్డుకునే షీల్డింగ్ బ్లాకుల వివరాలను కంప్యూటర్‌లో వేరే తీరుగా ఎక్కించడంతో 28 మందికి అతిమోతాదు పడింది. కంప్యూటర్ హెచ్చరించలేదు, చేతిలెక్కతో ఎవరూ సరిచూడలేదు.

అక్కడ ముంచింది కంప్యూటరే కదా అనొచ్చు. నిజమే. అందుకే తనిఖీ సాఫ్ట్‌వేర్, ప్లాన్ వేసిన సాఫ్ట్‌వేర్‌కు పూర్తిగా వేరుగా ఉండాలి. ఇప్పుడు ఈ తనిఖీలు చేసే ఫిజిసిస్టుల కొలువులు పోతాయన్న భయంలో పస తక్కువ. అంకెల చాకిరీ తగ్గితే అనుమానాస్పదమైన ప్లాన్‌ను నింపాదిగా చూడగలరు. సంతకం మాత్రం మనిషిదే. ప్రభుత్వాసుపత్రులకు యంత్రాలు కొనేటప్పుడే ఈ తనిఖీ సాఫ్ట్‌వేర్ ఖర్చునూ టెండరులో చేర్చాలని కోరుతున్నాం.