బ్రేకు మన చేతిలోదే కదా!

పంపు స్టవ్వు గుర్తుందా మీకు? కిరసనాయిలు పోసి, పిన్నుతో బర్నరు పొడిచి, టకటకా పంపు కొడితే గానీ మంట అందుకోని ఆ ఇత్తడి స్టవ్వు! ఎంత కొట్టినా గాలి ఎక్కకపోతే మా అమ్మమ్మ ఎవరి కోసమూ ఎదురు చూసేది కాదు. మర తిప్పి, పంపు కడ్డీ బయటికి లాగి, చివర ఉన్న తోలు వాషరును వేళ్లతో విప్పార్చి, రెండు చుక్కల నూనె రాసి మళ్లీ బిగించేది. "తోలు ఎండిపోతే సందులోంచి గాలి వెనక్కి వచ్చేస్తుందే" అని కారణం కూడా చెప్పేది. బడి మొహం చూడని మనిషి!

ఇప్పుడీ పాత స్టవ్వు గొడవ దేనికంటారా? గేర్ల సైకిళ్లకు ఈమధ్య హైడ్రాలిక్ బ్రేకులు వస్తున్నాయి చూడండి, వాటి లీవరు లోపల ఉన్నది కాస్త అటూ ఇటూగా ఆ పంపే. తోలుకు బదులు రబ్బరు సీలు, గాలికి బదులు నూనె. లీవరు నొక్కితే లోపలి చిన్న పిస్టను ముందుకు జరుగుతుంది. ఆ ఒత్తిడి సన్నటి గొట్టంలో నిండి ఉన్న నూనె గుండా చక్రం దగ్గరికి చేరుతుంది. అక్కడ రెండు పిస్టన్లు రెండు ప్యాడ్లను తోస్తే, అవి తిరుగుతున్న డిస్కును చెరోపక్కా గట్టిగా పట్టుకుంటాయి. మూసి ఉన్న ద్రవాన్ని ఒకచోట నొక్కితే ఆ ఒత్తిడి అన్ని వైపులకూ సమానంగా పాకుతుందని 17వ శతాబ్దంలో పాస్కల్ చెప్పాడు. మనం హైస్కూల్లో వల్లెవేసి, పరీక్షలో రాసి, అక్కడే వదిలేసిన పాఠం. ఇక్కడ చిన్న పిస్టను మీద వేసిన బలం అవతల పెద్ద పిస్టన్ల దగ్గర పెరిగి బయటపడుతుంది. రెండు వేళ్లతో నొక్కితే బండి ఆగేది అందుకే.

మరి పాడయ్యేది ఎక్కడ? ఎక్కువసార్లు గాలి దగ్గర. నూనెను ఎంత నొక్కినా కుంచించుకుపోదు, గాలి కుంచించుకుపోతుంది. గొట్టంలో నాలుగు బుడగలు చేరాయంటే మన వేళ్ల బలమంతా ఆ బుడగల్ని నొక్కడానికే సరిపోతుంది. లీవరు మెత్తగా స్పంజిలా అయి, హ్యాండిలు దాకా వచ్చేస్తుంది. ఇంజెక్షను ఇచ్చే ముందు నర్సు సిరంజిని నిలబెట్టి, వేలితో టక్‌మని కొట్టి, బుడగను పైకి పంపిస్తుందా లేదా? బ్రేకులోంచి గాలి తీయడమన్నా అంతే.

ఈ సంగతులన్నీ నేను నేర్చుకున్నది మా అమ్మాయి పుణ్యాన. ఇంటరు చదువుతోంది, సైకిలు మీద కాలేజీకి వెళ్తుంది, దారిలో ఫ్లైఓవరు దిగాలి. "బ్రేకు మెత్తగా అవుతోందమ్మా, రెండుసార్లు కొడితే గానీ పట్టడం లేదు" అంది ఓ సాయంత్రం. నా గుండె జారిపోయింది. మర్నాడే దుకాణానికి తీసుకెళ్లాను. అక్కడి అబ్బాయి లీవరు ఒకసారి నొక్కి చూసి, "సెట్టు మొత్తం మార్చాలి మేడమ్" అన్నాడు. గాలి చేరిందేమో, తీసి చూడరాదా అన్నాను. "మీకు చెబితే అర్థం కాదు, సార్‌ని పంపించండి" అన్నాడు. సార్‌గారు ట్యూబులైటు మార్చాలన్నా ఎలక్ట్రీషియన్‌కు ఫోను చేసే రకమని ఆ అబ్బాయికేం తెలుసు!

నాకు కోపం వచ్చింది ఆ ఒక్క కుర్రాడి మీద కాదు. కుట్టుమిషను షటిల్ విప్పి, పాత టూత్‌బ్రష్‌తో దారప్పీచు తీసి, నూనె వేసేది ఎవరు? కుక్కరు గాస్కెట్టు సాగిందో లేదో చేత్తో పట్టుకుని చెప్పేది ఎవరు? మిక్సీ కింద ప్లాస్టిక్ కప్లరు అరిగితే కొనుక్కొచ్చి బిగించేది ఎవరు? ఇవన్నీ మరమ్మతులే. వంటింటి గడప దాటగానే అదే పని 'మెకానిక్కు పని' అయిపోతుంది, మన చేతులు ఉన్నట్టుండి పనికిరాకుండా పోతాయి. చిత్రమేమిటంటే, ఈ మాట మనకి ఎవరూ చెప్పక్కర్లేదు, మనమే చెప్పుకుంటాం.

ఆ ఆదివారం పెరట్లో పాత పేపర్లు పరిచి, తల్లీకూతుళ్లం కూర్చున్నాం. లీవరుకు బిగించే చిన్న గరాటు, సిరంజి, ఎలెన్ కీలు, సైకిలు కంపెనీ చెప్పిన నూనె ముందే తెప్పించుకున్నాం. చక్రం తీసి, ప్యాడ్లు బయటికి లాగి దూరంగా పెట్టాం. ప్యాడ్లకు నూనె తగిలిందా, ఇక వాటిని మార్చుకోవాల్సిందే. ప్యాడ్లున్న చోట ఓ ప్లాస్టిక్ ముక్క ఇరికించాం. అదీ చక్రమూ లేనప్పుడు లీవరు నొక్కితే పిస్టన్లు బయటికి తన్నుకొస్తాయి, జాగ్రత్త. లీవరును నేలకు సమానంగా ఉండేలా తిప్పి, దాని పైమర విప్పి గరాటు బిగించి కాస్త నూనె పోశాం. కిందనుంచి, చక్రం దగ్గరి మర వదులు చేసి, సిరంజితో నూనె మెల్లగా ఎక్కించాం. తొందరపడితే మళ్లీ బుడగలే.

చెబితే నమ్మరు, ఆ గరాటులోకి మొదటి బుడగ బుళుక్కుమని వచ్చినప్పుడు మా అమ్మాయి చప్పట్లు కొట్టింది! వెనకాలే కాఫీ డికాక్షనులా నల్లటి పాత నూనె వచ్చింది. కింది మర బిగించి, స్క్రూడ్రైవరు పిడితో గొట్టం పొడుగునా చిన్నగా తట్టుతూ, లీవరు మెల్లమెల్లగా నొక్కి వదులుతుంటే ఇంకో నాలుగైదు వచ్చాయి. ఇక రావడం లేదనుకున్నాక గరాటు తీసి, పైమర బిగించి, ఒలికిన చుక్కలన్నీ తుడిచి, చేతులు కడుక్కున్నాకే ప్యాడ్లు ముట్టుకున్నాం. లీవరు నొక్కితే రాయిలా ఆగింది. అయినా వీధిలో నడక వేగంతో పదిసార్లు ఆపి చూసిందాకా పిల్లను రోడ్డెక్కనివ్వలేదు.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. ఏ నూనె పడితే ఆ నూనె పోయకూడదు. ఈ బ్రేకుల్లో రెండు జాతులున్నాయి. కొన్ని మినరల్ ఆయిలువి, కొన్ని మోటారు వాహనాల్లో వాడే డాట్ ద్రవానివి. ఒకదాని చోట ఇంకొకటి పోస్తే సీళ్లు ఉబ్బి పాడైపోతాయి. ఏది పోయాలో మామూలుగా లీవరు మూత మీదే రాసి ఉంటుంది, లేకపోతే కంపెనీ పుస్తకంలో చూడాలి. డాట్ ద్రవం గాల్లో తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకుండా ఆగాలి. నీరు పట్టాక ఆ హద్దు 155కు దిగిపోతుంది. అందుకే మూత తీసి చాలాకాలం ఉంచిన సీసా వాడొద్దంటారు. పెయింటును తినేస్తుంది, చర్మానికీ మంచిది కాదు, చేతికి తొడుగులు ఉండాలి. ఇక కొబ్బరినూనె, మిషను నూనె సంగతి తలపెట్టనే వద్దు. చలికాలం పొద్దున సీసాలో గడ్డకట్టే నూనెను బ్రేకులో పోస్తామా? పాత నూనెను కాలువలో పారబోయకుండా, బళ్లు బాగుచేసే షెడ్డులో వాడేసిన ఇంజనాయిలు పీపా ఉంటుంది, అందులో పోయించండి.

అన్నీ ఇంట్లోనే అయిపోతాయని నేననను. లీవరు మడత దగ్గర నూనె చెమ్మ కనిపిస్తే లోపలి సీలు పోయినట్టే లెక్క. కొన్ని కంపెనీలు సీళ్లు, పిస్టను విడిగా అమ్ముతాయి. సర్‌క్లిప్ తీసి మార్చుకోవచ్చు, ఓపికా చేతివాటమూ ఉండాలి. కొన్ని లీవర్లకు లోపలి భాగాలు విడిగా దొరకవు, లీవరే మార్చాలి. అప్పుడు దుకాణానికే వెళ్దాం. కాకపోతే రోగం పేరు తెలుసుకుని వెళ్తాం, "సార్‌ని పంపించండి" అనిపించుకోం.

సైకిలు ఆడపిల్లకు ఏం చేస్తుందో కొత్తగా చెప్పక్కర్లేదు. 1990ల మొదట్లో తమిళనాడులోని పుదుక్కోటై జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం పల్లె ఆడవాళ్లకు అక్షరాలతో పాటు సైకిలూ నేర్పింది. వేలమంది నేర్చుకున్నారు. బీహారు ప్రభుత్వం 2006లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిళ్లు మొదలుపెడితే, హైస్కూల్లో చేరే ఆడపిల్లలు దాదాపు మూడో వంతు పెరిగారని కార్తీక్ మురళీధరన్, నిషిత్ ప్రకాశ్ అనే ఆర్థికవేత్తలు లెక్కలు తీశారు. మన ఆంధ్రప్రదేశ్‌లోనూ 'బడికొస్తా' పేరుతో 2016 తర్వాతి ఏళ్లలో హైస్కూలు ఆడపిల్లలకు సైకిళ్లు పంచారు. అవన్నీ మామూలు బ్రేకుల సైకిళ్లే. వాటి తీగ వదులైతే బిగించడానికి ఓ పది నిమిషాలు చాలు. సైకిలు ఇచ్చిన రోజే ఆ పది నిమిషాలూ పిల్లలకు చూపించి, చేతికో పానా ఇవ్వడానికి ఎవరికి ఏం బరువు? తమ్ముడు ఆడుకుంటూ నేర్చుకునే పని, అక్క తమ్ముడిని బతిమాలుకుని చేయించుకునే పని అవుతోంది.

అన్నట్టు, ఈ ఆదివారం పనిలోనే ఇంకోటి తెలిసింది. చాలా లీవర్లకు పిడి దగ్గర ఓ చిన్న మర ఉంటుంది, మామూలు బ్రేకు లీవర్లలోనూ తరచుగా కనిపిస్తుంది. దాన్ని తిప్పితే లీవరు హ్యాండిలుకు దగ్గరగానో దూరంగానో జరుగుతుంది. పెద్ద చేతుల కొలతకు బిగించి ఉన్న లీవరు ఆడపిల్లల వేళ్లకు కొసలతో మాత్రమే అందుతుంది. కొసలతో ఎంత నొక్కగలరు? అర నిమిషం పని. మా అమ్మాయి స్నేహితురాళ్లవి మూడు సైకిళ్లు మా పెరట్లోనే సరిచేశాం. వాళ్లలో ఒకమ్మాయి ఏడాదిన్నరగా ఆ సైకిలు తొక్కుతోంది. బ్రేకు సరిగ్గా అందకపోవడం తన చెయ్యి చిన్నదవడం వల్లేనని ఇన్నాళ్లూ అనుకుందట.