మిరపకాయకు చలవ గది, పిల్లలకు పెనం

గుంటూరు మిర్చి యార్డు నుంచి ఏ రోడ్డు పట్టుకుని బయటికొచ్చినా కోల్డ్ స్టోరేజీలు కనిపిస్తాయి. ఈ చుట్టుపక్కల వందకు పైగా ఉన్నాయి. దళసరి గోడలు, లోపల థర్మోకోల్ పొరలు, సందు లేకుండా బిగిసే తలుపులు. కాయ రంగు చెడకూడదు, ఘాటు తగ్గకూడదు, ధర వచ్చేదాకా సరుకు నిలవాలి. మంచిదే, రైతు బతకాలి. ఎండను గోడ దగ్గరే ఆపే విద్య ఈ నేలకు బాగా తెలుసని చెప్పడానికే ఈ మాట ఎత్తాను. తెలిసి కూడా, బడి కట్టేటప్పుడు ఆ విద్యను గేటు బయటే వదిలేస్తున్నాం. దీన్ని నేను పొరపాటు అనను, అన్యాయం అంటాను.

ఒక జూన్ నెలలో పల్నాడులోని ఒక హైస్కూలుకు వెళ్లాను. మధ్యాహ్నం రెండున్నర, పదో తరగతి, లెక్కల పీరియడు. కొత్త భవనమే. గోడలకు రంగులున్నాయి, కొత్త బెంచీలున్నాయి, నాలుగు ఫ్యాన్లు తిరుగుతున్నాయి. తలెత్తి చూస్తే పైన ఐదంగుళాల కాంక్రీటు స్లాబు. పొద్దుటి నుంచి తాగిన ఎండనంతా అది కిందికి కక్కుతోంది. ఆ వేడిగాలినే ఫ్యాన్లు పిల్లల నెత్తిన కొడుతున్నాయి. పడమటి కిటికీ తెరిస్తే ఎండ, మూస్తే ఉక్క. ఇంతలో కరెంటు పోయింది. ముందు బెంచీలో ఒక అమ్మాయి పరీక్ష అట్టతో ఒక చేత్తో విసురుకుంటూ రెండో చేత్తో లెక్క చేస్తోంది. చెమట చుక్క కాగితం మీద పడి సిరా అలుక్కుపోయింది. తుడుచుకుని మళ్లీ మొదటి నుంచి రాసింది. పావుగంట చూసి మాస్టారు అందరినీ వేపచెట్టు కిందికి తీసుకెళ్లారు. లక్షలు పోసి కట్టిన గది ఓడిపోయింది, చెట్టు గెలిచింది.

రెంటచింతల ఎండ గురించి రేడియోలో వినని తెలుగువాళ్లు ఉండరు. రోహిణీ కార్తెలో రోళ్లు పగులుతాయని మన పెద్దలు చెప్పారు. 2023 జూన్‌లో బడులు తెరిచాక కూడా ఎండలకు ఒంటిపూటే నడపాల్సి వచ్చింది. ఇంత తెలిసిన చోట అరకు చలికీ రెంటచింతల ఎండకూ ఒకే టైప్ డిజైన్ ఎలా సరిపోతుంది? గుంటూరు పదహారు డిగ్రీల అక్షాంశం మీద ఉంది. సూర్యుడు ఏడాదికి రెండుసార్లు, మే మొదట్లోనూ ఆగస్టు మొదట్లోనూ, నడినెత్తికి వస్తాడు. అంటే ఇక్కడ అసలు దెబ్బ తగిలేది పైకప్పుకు. దాని తర్వాత పడమటి గోడకు. ఈ రెంటినీ పట్టించుకోని ప్లాను ప్లానే కాదు.

ప్రభుత్వ బడులను బాగుచేసే ‘మన బడి నాడు-నేడు’ పథకాన్ని 2019 నవంబరు 14న ఒంగోలులో మొదలుపెట్టారు. తొలి విడతలో 15,715 బడులు. మరుగుదొడ్లకు నీళ్లు వచ్చాయి, తాగునీరు వచ్చింది, ప్రహరీలు లేచాయి, ఫ్యాన్లు తిరిగాయి. ఆ మేలు కాదనను. కానీ ఆ పనుల జాబితాలో ఫ్యాను ఉంది, ట్యూబులైటు ఉంది, రంగు ఉంది. పైకప్పు వేడి తగ్గించడం అన్న పద్దు లేదు. పోనీ చట్టం చూస్తుందా? 2017లో సవరించిన జాతీయ ఇంధన పొదుపు భవన నియమావళి 100 కిలోవాట్ల లోడు ఉన్న భవనాలతో మొదలవుతుంది. ఫ్యాన్లూ లైట్లూ తప్ప ఏమీ లేని పల్లె హైస్కూలు ఆ గీత దరిదాపులకు కూడా రాదు. ఏసీ మాల్‌కు నియమం ఉంది, మన పిల్లల బడికి లేదు.

‘డబ్బులెక్కడివి’ అంటారు. గదుల వరుసను తూర్పు పడమరలుగా సాగదీసి కిటికీలు ఉత్తర దక్షిణాలకు పెట్టడానికి అదనంగా ఎంతవుతుంది? ముగ్గు పోసేటప్పుడు తాడు తిప్పి పట్టుకోవడమే. దక్షిణాన వరండా, పడమట కిటికీ లేని గోడ, దాని బయట వేప, కానుగ మొక్కలు, వేడిగాలి పోవడానికి కప్పు కింద వెంటిలేటర్లు. స్లాబు మీద తెల్లగా సున్నం. పిడుగురాళ్ల సున్నపు బట్టీలు పెట్టుకుని సున్నానికి కరువా? పల్నాటి మిద్దెల మీద మన తాతలు నాపరాళ్లు పరిచి పైన మట్టి ఎందుకు దట్టించారు? కింద మనిషి పడుకోవాలని.

లెక్క కూడా చెబుతాను. పది గదులు, నలభై ఫ్యాన్లు. పాత రకం ఫ్యాను ఒక్కోటి 75 వాట్లు, మొత్తం మూడు కిలోవాట్లు. కరెంటు తక్కువ తినే కొత్త రకం బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లు, మొత్తం 1.2 కిలోవాట్లు. నలభై ఎల్‌ఈడీ లైట్లు కలిపినా ఏడు గంటల బడికి 14 యూనిట్లు. ఐదు కిలోవాట్ల సోలార్ రోజుకు సుమారు 20 యూనిట్లు ఇస్తుంది. వేసవి సెలవుల్లో ఆ కరెంటు గ్రిడ్‌కు పోతుంది. కానీ వరుస తప్పకూడదు: ముందు ఎండను ఆపాలి, తర్వాత ఫ్యాను మార్చాలి, ఆ తర్వాతే సోలార్. మండే స్లాబు మీద పలకలు బిగించి ఫొటో దిగితే గది చల్లబడదు.

బుర్కినా ఫాసో మనలాగే పత్తి పండించే దేశం. అక్కడ గాండో అనే ఊళ్లో వాస్తుశిల్పి ఫ్రాన్సిస్ కెరే ఊరివాళ్ల చేతులతోనే 2001లో బడి పూర్తి చేశాడు. మట్టి ఇటుకల గోడలు, ఇటుకల కప్పు, దాని మీద ఎడంగా ఎత్తిన రేకు. మధ్యలో ఆడే గాలి వేడిని మోసుకుపోతుంది. కరెంటే లేని ఊళ్లో కట్టిన బడి అది. అదే కెరేకు 2022లో వాస్తుశిల్పులకిచ్చే ప్రిట్జ్‌కర్ పురస్కారం వచ్చింది. మనం సోలార్ పలకలను స్లాబుకు ఎడంగా ఎత్తి పెడితే అవే రెండో కప్పు అవుతాయి. నీడా వస్తుంది, కరెంటూ వస్తుంది.

‘మేం చదువుకోలేదా ఆ ఎండల్లో’ అనేవాళ్లకు ఒక్కటే మాట. మీరు చదివారు. మీ పక్క బెంచీవాడు మానేసి మిరప కోతకు పోయాడు. వాడిని లెక్కలోకి తీసుకోండి.

తల్లిదండ్రుల కమిటీలకు నా విన్నపం. మీ ఊరికి కొత్త హైస్కూలు మంజూరైతే, ప్లాను మీద సంతకం పెట్టే ముందు ఇంజనీరుగారిని జూన్ మధ్యాహ్నం రెండు గంటలకు పిలవండి. పాత బడిలో ఫ్యాను ఆపి, పదో తరగతి బెంచీ మీద అరగంట కూర్చోమనండి. ఆయన లేచాకే ప్లాను విప్పమనండి.