అక్షరము చెడకుండ పత్రమును కుదించుట

ఈ దినములలో దరఖాస్తు లేని కుటుంబము లేదు. దరఖాస్తుతోడ షరతు లేని కార్యాలయమును లేదు. జనన ధ్రువపత్రము ఇన్ని కిలోబైట్లకు మించరాదు, ఛాయాచిత్రము ఇన్నింటికి లోపల నుండవలెను, ఆదాయపత్రము పి.డి.ఎఫ్. రూపముననే పంపవలెను అని నిబంధనలు. తలిదండ్రులు సుల్తాన్ బజారు, కోఠి వీధులలోని జిరాక్సు దుకాణమునకు పోయి, కాగితము నందించి, "బాబూ, దీనిని చిన్నది చేసి పెట్టు" అందురు. ఆ యువకు డొక మీట నొక్కును. పత్రము చిన్నదగును. అది దేనిని పోగొట్టుకొని చిన్నదైనదో చూచువారు లేరు. గుండ్రముద్ర మాసిపోయి, పుట్టిన తేదీలో 3 యేదో 8 యేదో తెలియక, దరఖాస్తు తిరిగి వచ్చిన పిమ్మట చూతురు. అప్పటికి గడువు దాటి యుండును. విద్యార్థివేతనముతో చదువుకొను పిల్లవానికి ఇది చిన్న నష్టము కాదు.

పత్రములను కుదింపరాదని మేము చెప్పుట లేదు. కుదింపక తీరదు. అయితే కుదించుటలో రెండు తెఱగు లున్నవి: ఏమియు విడువక కుదించుట యొకటి, కొంత విడిచి కుదించుట మరియొకటి. ఈ భేదమును ఉన్నత పాఠశాలలో కూడికలు, తీసివేతలు నేర్పినట్లు నేర్పవలెనని మా యభిప్రాయము. ఇది దుకాణదారునకు విడిచిపెట్టవలసిన విద్య కాదు.

ముందుగా బరువెంతో చూతము. ఏ4 కాగితమును అంగుళమునకు 300 చుక్కల చొప్పున చిత్రించినచో అడ్డముగా 2,480, నిలువుగా 3,508 చుక్కలు వచ్చును. రెంటిని హెచ్చింపగా 86,99,840. రంగులలో చిత్రించినయెడల ఒక్కొక్క చుక్కకు మూడు బైట్లు గనుక 2 కోట్ల 60 లక్షల బైట్లు దాటును. అనగా 26 మెగాబైట్లు. బూడిదవన్నెలో నయినచో 8.7 మెగాబైట్లు. కేవలము నలుపు తెలుపులలో నయినచో ఒక బైటులో ఎనిమిది చుక్కలిముడును గనుక 1.1 మెగాబైటునకు లోపలనే. ఏ కుదింపు యంత్రమును తాకక మునుపే, రంగు వలయునా వలదా యను ప్రశ్న యొక్కటే బరువును ఇరువదినాలుగవ వంతునకు తేగలదు. మన పిల్లలు ఈ లెక్కను పలకమీద వేసి చూడవచ్చును.

ఇక విడువక కుదించుట యెట్లు? దీనికి మా తరగతి హాజరుపట్టీ చాలును. నలుబదిమంది పిల్లలున్న తరగతిలో ఉపాధ్యాయుడు "ఒకటి హాజరు, రెండు హాజరు" అని నలుబది పంక్తులు వ్రాయవచ్చును; "17, 23 తప్ప అందరును హాజరు" అని యొక్క పంక్తియు వ్రాయవచ్చును. రెండవదానినుండి మొదటిదానిని పొల్లుపోకుండ తిరిగి వ్రాసికొనవచ్చును. అచ్చుపుటలో తెల్లచోటే యెక్కువ; "ఇచ్చట నూరు తెల్లచుక్కలు" అని చెప్పిన చాలును గదా. ఫాక్సు యంత్రముల కొరకు 1984లో నేర్పరచిన గ్రూప్ 4 అను పద్ధతి ఈ జాతిదే. అది పై పంక్తిలో నలుపెచ్చట మొదలయ్యెనో చూచి, క్రింది పంక్తిలో దానికిని దీనికిని గల భేదమును మాత్రమే వ్రాసికొనును. శుభ్రమైన అచ్చుపుట దీనిలో సాధారణముగా నూరు కిలోబైట్లకు లోబడును. ఒక్క చుక్కయు మారదు.

"సుమారు నలుబదిమంది వచ్చిరి" అని వ్రాయుట విడిచి కుదించుట. పంక్తి ఇంకను చిన్నదే; కాని రానివా రెవరో యిక నెవ్వరికిని తెలియదు.

విడిచి కుదించుటను మేము నిందించుట లేదు. అది యొక గొప్ప విద్య, అందు మనవారి చేయియు గలదు. 1974 జనవరిలో నాసిర్ అహమ్మద్, నటరాజన్, కామిశెట్టి రామమోహనరావు గారలు అమెరికాలో ప్రకటించిన యొక చిన్న వ్యాసము, డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్ అను గణితరీతిని లోకమునకు తెలిపినది. 1992లో స్థిరపడిన జేపెగ్ పద్ధతి దానిపై కట్టినదే. మనము చేతిఫోనుతో తీయు చిత్రములలో మిక్కిలి భాగము ఆ పద్ధతిలోనే దాగుచున్నవి. తెలుగు ఇంటిపేరుగల యా పండితుడు 2021లో మరణించినపుడు మన పాఠశాలలలో నెందరు ఆయన పేరు విని యుందురో!

ఆ పద్ధతి చిత్రమును ఎనిమిదికి ఎనిమిది చుక్కల గళ్లుగా విభజించి, ఒక్కొక్క గడిలో మెల్లగా మారు వన్నెలను జాగ్రత్తగ నుంచుకొని, మనకన్ను గుర్తింపలేని సూక్ష్మభేదములను విడుచును. మొగముపైని నునుపునకు, ఆకాశమునకు, చీరమడతకు ఇది తగినది. అక్షరమునకు తగదు. ఏలయన అక్షరము మెల్లగా మారునది కాదు. నలుపు ముగిసినచోట తెలుపు తటాలున మొదలగును. అట్టి యంచును ఎక్కువగా కుదించినచో అక్షరము చుట్టును ధూళి రేగినట్లుండును. దానిని తెరచి మరల మరల మార్చి దాచినచో సాధారణముగా ప్రతిమారును మరికొంత పోవును. వాట్సాప్‌లో చిత్రముగా పంపినది దారిలోనే కుదింపబడును. దానినే మరల దించుకొని, మరల కుదించి దరఖాస్తునకు అంటించువారిని మేమెరుగుదుము. అట్టివారు పత్రమును పత్రముగానే, 'డాక్యుమెంటు' అను మీట నొక్కి పంపుట మేలు.

ధూళి రేగిన అక్షరమును చూచినపుడు కన్ను అనుమానించును. కన్ను అనుమానింపని ముప్పు మరియొకటి గలదు, అది మా భయమునకు ముఖ్యకారణము. 2013 ఆగస్టులో జర్మనీ దేశపు శాస్త్రజ్ఞుడగు డేవిడ్ క్రీజెల్ ఒక యింటి నక్షాకు ప్రతి తీసిన విషయమును బయటపెట్టెను. నక్షాలో మూడు గదుల వైశాల్యములు 14.13, 21.11, 17.42 చదరపు మీటర్లు. జిరాక్సు కంపెనీవారి యంత్రము తీసిన ప్రతిలో మూడు గదులకును 14.13 అనియే యుండెను! మసక లేదు, చెరపు లేదు, అంకెలు తళతళలాడుచున్నవి. వేరొక పట్టికలో 6 అంకెలు కొన్ని 8 గా మారినవి. కారణము జేబిగ్2 అను కుదింపు. అది పుటలో ఒకేరీతి నున్న ముద్దలను ఏరి, ఒక్కదానినే దాచి, తక్కినచోట్ల దానినే అతికించును. పోలిక చూచుటలో సడలింపు కొంచె మెక్కువైనచో 6 యొక్క స్థానమున 8 కూర్చుండును. కంపెనీవారు ఆ మాసముననే సవరణ నిచ్చిరి. జర్మనీ, స్విట్జర్లాండులలో 2015లో కొన్ని ప్రభుత్వశాఖలు శాశ్వతముగా దాచు పత్రములకు ఈ పద్ధతి కూడదనిరి. జేబిగ్2లో ఏమియు విడువని మార్గమును గలదని న్యాయము కొరకు చెప్పవలెను. కాని యంత్రము ఏ మార్గమున పోవుచున్నదో మీట నొక్కువానికి చాలమారులు తెలియదు.

ఆరునకును ఎనిమిదికిని గల భేదమే యంత్రమునకు తెలియనపుడు, మన లిపి మాట యేమి? ద క్రింద ఒక చిన్న గీత చేర్చిన ధ. ప క్రింద చేర్చిన ఫ. డ క్రింద చేర్చిన ఢ. ఆ గీత పోయినచో 'ధార' 'దార' యగును. ప్రవాహము భార్యగా మారును. వకును పకును గల భేదము తలకట్టు అంటుటలోను అంటకుండుటలోను ఉన్నది. 'వాడు' అనునది 'పాడు' అయినచో వాక్య మేమగునో విద్యార్థులే యూహింతురు గాక. ప్రాచీన ముద్రణములలో అరసున్న గలదు. 'ఏడు' అనగా సంఖ్య. అరసున్నతో 'ఏఁడు' అనగా సంవత్సరము. ఆ చిన్న నెలవంక ఎగిరిపోయినచో అర్థము మారును, చదువరికి అనుమానము కూడ రాదు. మత్తయి సువార్త అయిదవ యధ్యాయమును కంఠస్థము చేసిన మన పిల్లలకు పొల్లు, సున్న అనువాని బరువు మేము చెప్పనక్కరలేదు.

ఈ చర్చకు సుల్తాన్ బజారుకంటె తగిన తావు లేదు. 1901 సెప్టెంబరు 1వ తేదీన రావిచెట్టు రంగారావు గారి యింట, కొమర్రాజు లక్ష్మణరావు పంతులు గారు మొదలగువారి పూనికతో మొదలైన శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయము ఈ పేటలోనే యున్నది. నైజాము రాజ్యమున తెలుగు పుస్తకమునకు చోటు దొరకని కాలములో మన పెద్దలు ఒక్కొక్క గ్రంథమును, ఒక్కొక్క పత్రికను కూర్చి పెట్టిరి. అట్టి పుస్తకముల కాగితము ఇప్పుడు వ్రేలు తగిలిన పొడియగునట్టిది. ఇటువంటి గ్రంథములను చిత్రించి అందరికిని అందించుటకు, చిత్తూరు జిల్లా కాటూరున జన్మించి 1994లో ట్యూరింగు పురస్కారమందిన రాజ్ రెడ్డి గారి ప్రోద్బలముతో పది లక్షల పుస్తకముల ప్రయత్నము జరిగినది. బెంగుళూరి విజ్ఞానశాస్త్ర సంస్థయు, హైదరాబాదులోని ట్రిపుల్ ఐ.టి.యు అందు పాల్గొన్నవి. అంగుళమునకు 600 చుక్కల చొప్పున, నలుపు తెలుపులలో పుటలను చిత్రించిరి. అక్షరమునకు ఇది మంచి నిర్ణయమని మా తలంపు: చుక్కలు చిక్కగా నున్నవి గనుక అరసున్నయు నిలుచును, రంగు లేదు గనుక బరువును తక్కువ. కాని పుస్తకములో ఛాయాచిత్రమున్న పుటకు ఇది చాలదు. నడిమి వన్నెలు లేనందున మొగములు మసిముద్ద లగును. అక్షరపుటకు ఒక రీతి, చిత్రపుటకు వేరొక రీతి యుండవలెనని దీనివలన తెలియుచున్నది.

అన్నిటికంటె చిన్నది చిత్రము కాదు, అక్షరమే. యూనికోడులో తెలుగునకు 1991 నుండియు చోటున్నది. సాధారణముగా వాడు యు.టి.ఎఫ్.8 పద్ధతిలో మన సంకేత మొక్కొక్కటి మూడు బైట్లు తీసికొనును. 'క్ష' యొక్కటే మూడు సంకేతములై తొమ్మిది బైట్లు మ్రింగును. అయినను 1,500 సంకేతములుగల పుట 4,500 బైట్లే. పైని చెప్పిన 26 మెగాబైట్లతో పోల్చి చూడుడు! తెలుగు వికీసోర్సులో కూలి నాశింపక పుట పుటను టైపుచేసి, చిత్రముతో సరిచూచు వారున్నారు. పై తరగతుల పిల్లలు సెలవులలో ఇందు చేరిన యెడల వర్ణక్రమమును వచ్చును, సేవయు నగును. అయితే సరిచూచుటకు చిత్రముండవలెను. ఆ చిత్రములో అక్షరము చెడి యుండరాదు.

తలిదండ్రులకు నాలుగు మాటలు. కంప్యూటరులో టైపుచేసిన లేఖను ముద్రించి, మరల ఫోటో తీసి పంపుట వ్యర్థ ప్రయాస, అచ్చటనుండియే పి.డి.ఎఫ్.గా దాచినచో చాలమట్టుకు కొలది కిలోబైట్లతో పోవును, అక్షరములును సూదివలె నుండును. ఊదాముద్ర, పచ్చసిరా సంతకము గల పత్రమును కేవలము నలుపు తెలుపులలోనికి మార్చరాదు, లేతముద్ర మాయమగును. అట్టిదానికి రంగు నుంచి, చుట్టునున్న వ్యర్థభాగమును కత్తిరించి, అంగుళమునకు 200 చుక్కలకు తగ్గించి చూడుడు. అప్పటికిని షరతునకు లోబడనియెడల జేపెగ్ నాణ్యతను మెల్లమెల్లగా దింపుడు. పంపుటకు ముందు తెరపై పెద్దది చేసి, ప్రతి యంకెను మూలముతో సరిచూడుడు. మూలచిత్రమును మాత్రము చెరపకుడు. మరియొక కార్యాలయము మరియొక పరిమితిని కోరును, అప్పుడు మూలమునుండియే క్రొత్తది చేయవలెను.

2020లో బడులు మూతపడినపుడు పిల్లలు నోటుపుస్తకములకు ఫోటోలు తీసి పంపిరి. పది పుటలకు ముప్పది, నలుబది మెగాబైట్లు! ఇంటికొక ఫోను, దినమునకింత యని డేటా గల కుటుంబములకు అది యెంత భారమో మేము కన్నులార చూచితిమి. తెలిసిన దేమనగా, పుస్తకము క్రింద నున్న దుప్పటిమీది పూవులును బైట్లే. నీడయు బైట్లే. కిటికీవద్ద సమమైన వెలుతురులో, పుటమట్టుకే వచ్చునట్లు తీసినచో, లెక్క చెడకుండ బరువు చాల తగ్గుచున్నది.

ఇక మన పాఠశాల పాతసంచికల మాట. వానిని చిత్రించి, అంతర్జాలమునకు తగినంత చిన్నగా కుదించి, కాగితపు ప్రతులను తీసివేసినచో బీరువా ఖాళీయగునని కొందరు మిత్రులు చెప్పుచున్నారు. చిత్రించుట మాకు సమ్మతమే. చిన్నప్రతిని అందరికిని పంచుటయు సమ్మతమే. చిన్నప్రతి నొక్కదానినే మిగుల్చుటకు మేము సమ్మతింపము. నలుబది సంచికలు, ఒక్కొక్కటి ఎనుబది పుటలు అనుకొందము: 3,200 పుటలు. పుటలన్నియు ఏ4 అంతవే యని యెంచి, రంగులతో, ఏమియు కుదింపక దాచినను 84 గిగాబైట్లు మించవు. 128 గిగాబైట్ల పరికరము చొక్కాజేబులో పట్టును. దానికి రెండు ప్రతులు చేసి, ఒకటి కార్యాలయమునను, ఒకటి గ్రంథాలయమునను ఉంచవచ్చును. ఆ సంచికలలో పూర్వవిద్యార్థుల పేరులున్నవి, కొందరికి వేరెచ్చటను లేని ఛాయాచిత్రములున్నవి. బీరువా ఆ గదిలోనే యుండనిండు.