పాముకి చలేంటంటారేంటి?

"పాముకి చలేంటి బాస్, దానిది శీతల రక్తం కదా!"

మొన్న లంచ్‌లో మా టీమ్‌లో ఒకాయన సెలవిచ్చిన మాట ఇది. న్యూజెర్సీలో కూర్చుని బాల్ పైథాన్ పెంచుతున్నానంటే ముందు నన్ను పిచ్చోణ్ణి చూసినట్టు చూస్తారు, తర్వాత ఉచిత సలహాలు మొదలుపెడతారు. (ఇండియాలో మన కొండచిలువని పెంచడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. అక్కడివాళ్ళు ఆ ఆలోచన పెట్టుకోకండి.)

అసలీ "శీతల రక్త జీవి" అన్న మాటని స్కూలు పుస్తకాల్లోకి ఎవరు తెచ్చారో గానీ, ఇంత దరిద్రపు వేరియబుల్ నేమ్ నేనింతవరకూ చూళ్ళేదు. దాని రక్తం చల్లనిదేం కాదు. ఒంట్లో హీటర్ లేదు, అంతే. మనకి చలేస్తే వణుకుతాం, అయినా తిన్నది అరుగుతూనే ఉంటుంది. దానికి ఒళ్ళు చల్లబడితే అరుగుదలే ఆగిపోతుంది. మింగిన ఎలుకని కక్కేస్తుంది. జబ్బుతో పోరాడే శక్తీ పడిపోతుంది.

ఇంకో మేధావి, "చలికాలం పాములు నిద్రపోతాయిగా" అన్నాడు. చలిదేశాల పాములు కొన్ని, నిజమే. కానీ దీని సొంతూరు ఘనా, టోగో, బెనిన్ వైపు. అక్కడ మంచెక్కడిది బాబూ? కొన్ని బాల్ పైథాన్లు వెచ్చగా ఉన్నా సరే చలికాలంలో తిండి మానేస్తాయి, అది వేరే కథ. బరువు తగ్గనంత వరకూ కంగారు అక్కర్లేదు. దాన్ని సాక్ష్యంగా చూపించి హీటర్ కట్టెయ్యమంటే ఎలా?

దానిక్కావల్సింది ట్యాంకులో ఒక చివర 88-92 ఫారెన్‌హీట్, రెండో చివర 76-80. రాత్రిళ్ళు కూడా 75 దిగకూడదు. ఎండాకాలం సమస్య తిరగబడుతుంది. కిటికీ ఎండ గాజు ట్యాంకు మీద పడిందా, పామును ఉడకబెట్టినట్టే. షాపులో అంటగట్టే వేడి రాయి జోలికి మాత్రం పోకండి, పొట్ట కాలుతున్నా పాము దాని మీంచి లేవదు.

ఇవన్నీ నాకు ముందే తెలుసనుకోకండి. రెండేళ్ళ క్రితం డిసెంబర్లో ఇండియా వెళ్తూ, గ్యాస్ బిల్లు కలిసొస్తుందని ఇంటి థర్మోస్టాట్ 58కి దించేశాను. ట్యాంకులో హీటర్ ఉందిగా అని ధీమా! అంత చల్లటి గదిలో ఆ చిన్న హీటర్ ఏం చేస్తుంది? వారానికోసారి నీళ్ళు మార్చడానికొచ్చిన ఫ్రెండేమో, కదలకపోతే "నిద్రపోతోంది" అనుకున్నాట్ట. మూడు వారాల తర్వాత వచ్చి చూద్దును కదా, ముక్కు దగ్గర బుడగలు, నోరు తెరిచి ఈల వేస్తున్నట్టు ఊపిరి. ఊపిరితిత్తుల్లో ఇన్‌ఫెక్షన్ అన్నాడు డాక్టరు. వారాల తరబడి ఇంజెక్షన్లు. బతికింది, అదృష్టం.

సర్వర్ రూములో రెండు డిగ్రీలు తేడా వస్తే అర్ధరాత్రి లేచి పరిగెత్తే జాతి మనది. ప్రాణమున్న దాని దగ్గరికొచ్చేసరికి మాత్రం "అడ్జస్టవుతుందిలే".

ఇప్పుడు ట్యాంకుకి రెండు వైపులా సెన్సార్లు పెట్టాను, తేడా వస్తే ఫోన్ మోగుతుంది. నిన్న రాత్రి రెండింటికి మోగితే మా ఆవిడ దుప్పట్లోంచే అడిగింది, "ప్రొడక్షనా, పామా?" అని.